హాల్లో గెలుపు, వంటింట్లో ఓటమి

ఆ శనివారం కూడా పెలికన్స్ ఓడిపోయారు.

ఓడిపోవడం కొత్తేం కాదు. సీజను మొదలైన దగ్గర్నుంచీ ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవలేదు. కానీ ఆ వేళ ఓడిన తీరు చూసి బాలాత్రిపురసుందరికి ఒళ్ళు మండిపోయింది. మూడు క్వార్టర్ల దాకా ముందున్నవాళ్ళు ఆఖరి క్వార్టర్లో కాళ్ళలో సత్తువంతా ఎవరో పిండేసినట్టు నిలబడిపోయారు. గోలుకి ఎదురుగా, తీరిగ్గా తన్నుకోమని దొరికిన బంతిని ఒక కుర్రాడు పక్కకి పంపించాడు.

"నీ మొహం మండ! అంత దగ్గర్నుంచి మా లిఖితైనా తన్నేస్తుందిరా!" అని ఆవిడ టీవీ మీదకి చెయ్యి విసిరింది.

బహదూర్‌పల్లిలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ పట్టపగలు ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ పెట్టుకుని ఇలా కేకలేయడం కొత్తగా వచ్చినవాళ్ళకి వింత. పాతవాళ్ళకి అలవాటైపోయింది. ఆ అపార్ట్‌మెంటు కట్టిన జాగా ఒకప్పుడు మల్లేశం వాళ్ళ పొలం. ఇప్పుడతను కింద ఫ్లాట్లోనే ఉంటూ రియల్ ఎస్టేటు చేసుకుంటున్నాడు. ఆవిడ గొంతు వినబడితే చాలు, కారు తుడుస్తున్నవాడల్లా తలెత్తి, "ఏంది మేడమ్, ఇయ్యాల గూడ మునిగిన్రా?" అని అడుగుతాడు. ఆవిడ బాల్కనీలోకొచ్చి, "మునగడానికి తేలిందెప్పుడు మల్లేశంగారూ!" అంటుంది.

ఆ రోజు మాత్రం బాల్కనీలోకి వెళ్ళలేదు. పక్కన సోఫాలో భర్త ఫణిభూషణ్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని వణికిపోతున్నాడు.

"ఓడిపోయామా త్రిపురా?"

"ఓడిపోయామండీ. పోనివ్వండి, వెధవాట."

"మరి ఫైనల్‌కి ఎలా వెళ్తాం? ఆ పద్నాలుగో నంబరు ఏడీ? అతన్నెందుకు దింపలేదు?"

పద్నాలుగో నంబరు ఆటగాడు ఆట మానేసి ఏళ్ళు గడిచిపోయాయి. ఆ మాట చెప్పినా ఫణికి ఎక్కదు. ఆయన మనసులో పెలికన్స్ ఇంకా ఆ ఏడాదే ఆడుతున్నారు, ఫైనల్ దాకా వెళ్ళిన ఏడాది. అందుకే ప్రతి ఓటమీ ఆయనకి మొదటి ఓటమే. లేచి హాలంతా తిరిగాడు. రిమోట్ గోడకేసి కొట్టాడు. భోజనానికి కూర్చోబెడితే కంచం తోసేశాడు. సాయంత్రం దాకా ఆవిడ వెనకే తిరుగుతూ, "అన్యాయం కదూ? అన్యాయం కదూ?" అని అడుగుతూనే ఉన్నాడు. ఏది అన్యాయమో అప్పటికే మరిచిపోయాడు. బాధ మాత్రం పోలేదు.

ఈ పిచ్చి ఇంట్లోకి తెచ్చింది సుందరే. తణుకు నుంచి వచ్చిన సంసారం వాళ్ళది. ఫణికి బ్యాంకులో మేడ్చల్‌కి బదిలీ అయితే ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. కూతురు లిఖిత బళ్ళో పడ్డాక ఆవిడ కండ్లకోయలో ఒక ఆఫీసులో చేరింది. ఆస్ట్రేలియా ఇన్సూరెన్సు కంపెనీకి లెక్కలు చూసిపెట్టే పని. అక్కడ తెల్లారితే ఇక్కడ వీళ్ళూ లేవాలి. ఇంకా చీకటి ఉండగానే కంపెనీ క్యాబు గండిమైసమ్మ చౌరస్తాలో ఎక్కించుకునేది. ఆ ఆఫీసులో శుక్రవారం వచ్చిందంటే పనికంటే ఫుట్‌బాల్ కబుర్లెక్కువ. మెల్‌బోర్న్ వాళ్ళు ఫోన్లో ముందు దాని గురించి మాట్లాడి తరవాతే లెక్కల్లోకి వచ్చేవాళ్ళు. సరదాకి తలా ఒక జట్టూ పంచుకుందామని చీటీలు తీస్తే, సుందరికి పెలికన్స్ వచ్చింది.

"పెలికన్ అంటే ఏంటండీ?" అని ఆ రోజు ఇంటికొచ్చి అడిగితే ఫణి పగలబడి నవ్వాడు. "గూడబాతు. మూతికింద సంచీ వేలాడుతుంది చూడు, అది. ఇంకే జట్టూ దొరకలేదా నీకు?"

కబుర్లలో వెనకబడకూడదని చూడ్డం మొదలుపెట్టింది. కోడిగుడ్డులాంటి బంతి, గుండ్రటి మైదానం, రెండు వైపులా నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి కొంచెం తప్పి పక్క సందులోంచి పోతే ఒకటి. అంతవరకూ క్రికెట్ తప్ప ఇంకోటి ఎరగని ఫణి కూడా పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఓరకంట చూసేవాడు. ఒకరోజు పేపరు పక్కన పడేసి, "గురి తప్పినా పోన్లే అని ఒక పాయింటిచ్చే ఆట లోకంలో ఇదొక్కటే ఉంటుందే. మంచి మనసున్న ఆట" అన్నాడు. అంతే, ఇక ఆయనకీ అంటుకుంది.

ఆ ఏడే పెలికన్స్ సెమీఫైనల్ గెలిచారు. అది మామూలు గెలుపు కాదు. ఆట ముగిసిందని సైరన్ మోగినా, అప్పటికే బంతి పట్టుకుని ఉన్నవాడికి ఒక తన్ను మిగిలే ఉంటుంది ఆ ఆటలో. పద్నాలుగో నంబరాయన సైరన్ మోగాక తన్నాడు. బంతి స్తంభాల నడుమ దూరింది. తరవాత వారం ఫైనల్లో ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. వచ్చే ఏడు కొడతారులే అనుకున్నారు మొగుడూ పెళ్ళాలిద్దరూ. వచ్చే ఏడు రాలేదు. కోచ్‌లు మారారు. కాళ్ళు నొప్పులని పాత ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. కొత్త కుర్రాళ్ళని తెస్తున్నాం, ఓపిక పట్టండి అని క్లబ్బు వాళ్ళు ప్రతి ఏడూ చెప్పేవాళ్ళు. సుందరి ఓపిక పట్టింది. ఆఫీసులో అందరూ మెల్లిగా గెలిచే జట్లలోకి దూకేశారు. "మేడమ్, మీరూ మారిపోండి" అంటే, "కాపురం అనుకున్నారా, కూరల బేరం అనుకున్నారా?" అనేది.

ఫణికి జబ్బు మొదలవడం ఎప్పుడో ఆవిడకి సరిగ్గా తెలీదు. తెలిసింది మాత్రం శామీర్‌పేట రోజున. మేడ్చల్లో పనుందని స్కూటరు మీద వెళ్ళినవాడు మధ్యాహ్నమైనా రాలేదు, ఫోనెత్తలేదు. ఆఖరికి మల్లేశం ఫోన్ చేశాడు.

"మేడమ్, పరేషాన్ గాకుండ్రి. సార్ శామీర్‌పేట చెరువు కట్ట మీద ఉన్నడు. నేను గిటు ప్లాటు సూపెట్టనీకి వచ్చిన. సార్ కనవడితే నమస్తే వెట్టిన. గీ ఊరేందండి అని నన్నే అడుగుతుండు. నేను తోలుకొస్త."

డాక్టరు అల్జీమర్స్ అన్నాడు. ఆ మాట విన్నాక సుందరి ఉద్యోగం మానేసింది. ఇంట్లో అన్నీ ఒకటొకటే మారాయి. గ్యాసు దగ్గరికి రానివ్వకుండా వంటింటికి గడియ, స్కూటరు తాళాలు బీరువాలో. మారనిది శనివారం ఒక్కటే. మనుషుల పేర్లు పోయినా, బ్యాంకులో చేసిన ఉద్యోగం జ్ఞాపకంలోంచి పోయినా, టీవీలో పెలికన్స్ నీలం చొక్కాలు కనబడగానే ఫణి నిటారుగా కూర్చునేవాడు. ఆ కాసేపూ ఆవిడకి తన మొగుడు తన పక్కన ఉన్నట్టుండేది. ఆ ఒక్క పూట కోసం ఆవిడ వారమంతా ఎదురుచూసేది. ఆ ఒక్క పూటా వీళ్ళు పాడుచేస్తున్నారు.

రిమోట్ పగిలిన రోజు సాయంత్రం కూతురు లిఖిత, నాన్నకి మాత్రలు వేసి పడుకోబెట్టి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తనూ కండ్లకోయలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది.

"అమ్మా, ఒకటి చెప్తాను, కోప్పడకు. ఆ సెమీఫైనల్ యూట్యూబ్‌లో మొత్తం ఉంది. శనివారం అదే పెట్టేద్దాం. నాన్నకి తేడా తెలీదు."

"దొంగ మ్యాచా?"

"దొంగదెందుకవుతుంది? నిజంగా ఆడిందే కదా."

"వద్దే. ఎంత చెత్తగా ఆడినా ఇవాళ్టి వాళ్ళు ఇవాళ ఆడుతున్నారు. వాళ్ళని గాలికొదిలేసి..."

"వాళ్ళ సంగతెందుకమ్మా మనకి? నాన్న అన్నం తినలేదు." లిఖిత పగిలిన రిమోట్ తీసి తల్లి ముందు పెట్టింది. "నీకు నాన్నా ముఖ్యం, జట్టా?"

ఆ రెండూ సుందరికి వేరువేరు కావు. పక్కపక్కన కూర్చుని ఓడిపోవడంలోనే వాళ్ళిద్దరి సగం జీవితం గడిచింది.

మరుసటి శనివారం పాత సెమీఫైనల్ పెట్టింది.

ఫణి ముఖం చూసి ఆవిడ నిర్ఘాంతపోయింది. మొదటి గోలుకే చప్పట్లు కొట్టాడు. "చూశావా, చూశావా!" అని ఆవిడ భుజం తట్టాడు. పద్నాలుగో నంబరు మైదానంలోకి రాగానే లేచి నిలబడ్డాడు. సైరన్ మోగాక బంతి స్తంభాల మధ్యకి దూరితే కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. ఆ పూట ముద్దపప్పూ ఆవకాయా అడిగి మరీ తిన్నాడు. సాయంత్రం దాకా ఇంట్లో అరుపు లేదు. లిఖిత తల్లి చెయ్యి నొక్కింది.

అప్పట్నుంచీ ప్రతి శనివారం ఆ ఇంట్లో రెండు మ్యాచ్‌లు నడిచేవి. హాల్లో పెద్ద టీవీలో పాత సెమీఫైనల్. వంటింట్లో, పోపుల డబ్బాకి ఆనించిన ఫోన్లో, గొంతు నొక్కేసిన అసలు మ్యాచ్. హాల్లో పెలికన్స్ గెలుస్తుంటే వంటింట్లో ఓడిపోయేవాళ్ళు. అక్కడ ఆయన చప్పట్లు కొడుతుంటే ఇక్కడ ఆవిడ బెండకాయలు తరుగుతూ పళ్ళు కొరుక్కునేది. తిట్టడానికి లేదు, ఆయన వింటాడు. మొహం తిప్పుకుని ఆయన పక్కన కూర్చుందామంటే, ఏ నిమిషానికి ఏ గోలో కంఠతా వచ్చేసిన ఆటని కొత్తగా చూస్తున్నట్టు నటించాలి. రెండు మూడు వారాలు నటించింది. తరవాత చేతకాలేదు.

కోపమంతా ఆ కుర్రాళ్ళ మీదకే మళ్ళింది. ఒక్కటి గెలిచి చావొచ్చు కదా. ఒక్కటి గెలిస్తే ఈ పాతది తీసేసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగోనండీ నిజంగా గెలిచాం అని చెప్పుకునేదాన్ని కదా. ఏం తెలుసు వాళ్ళకి? బంతి పక్కకి తన్ని నవ్వుకుంటూ వెనక్కి నడుస్తాడే, వాడికేం తెలుసు?

వానాకాలంలో ఒక శనివారం మల్లేశం మక్కకంకులు పట్టుకొచ్చాడు. ఫణి పక్కన కాసేపు కూర్చుని టీవీ చూశాడు. కంకులు లోపల పెడతానని వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, గీ ఆట పోయినసారి గూడ సూసినట్టుంది గదా? గా పొడుగాయన గప్పుడు గూడ గట్లనే తన్నిండు."

సుందరి ఫోన్ వైపు చూపించింది. జరిగింది చెప్పింది.

"మా బాపు గూడ గిట్లనే అయిండె మేడమ్. పొలం అమ్మినం, ప్లాట్లు జేసిన్రు, రోడ్లు వోసిన్రు. అయినా పొద్దుగాల్ల లేసి, నీళ్ళు వెట్టొస్తరా అని పార వట్టుకొని పోయేటోడు. ఎవలింటి ముందటనో తవ్వుతుండె. మేం గేటుకు తాళమేసినం. గొడ్డు లెక్క మొత్తుకునేటోడు." కంకులు గట్టు మీద పెట్టాడు. "గిప్పుడనిపిస్తది, ఓ బకెట్ల మట్టి వోసి ఇచ్చినా అయిపోతుండె. మీరు జేసింది మంచిదే మేడమ్. మనసుల ఏం వెట్టుకోకుండ్రి."

మనసులో పెట్టుకోకుండా ఉండటం ఆవిడ వల్ల కాలేదు. కానీ ఆ రోజు మొదటిసారి ఒకరితో చెప్పుకున్నట్టయింది.

ఆగస్టు ఆఖర్లో సీజను ముగిసే వారం వచ్చింది. పెలికన్స్‌కి ఆఖరి మ్యాచ్, పట్టికలో అందరికంటే పైనున్న జట్టుతో. సుందరి ఆశేమీ పెట్టుకోలేదు. ఫోన్ పోపుల డబ్బాకి ఆనించి, కుక్కర్ పెట్టి, కొబ్బరి తురమడం మొదలుపెట్టింది. లిఖిత జీడిమెట్లకి పని మీద వెళ్ళింది. హాల్లో పాత ఆట నడుస్తోంది.

రెండో క్వార్టరయ్యేసరికి కొబ్బరి చిప్ప చేతిలోనే ఉండిపోయింది. ఈ కుర్రాళ్ళకి ఏమైందో ఏమో, బంతి కోసం ఒకడి మీద ఒకడు పడి దొర్లుతున్నారు. ఎప్పుడూ పక్కకి తన్నేవాడు మూడు గోల్స్ కొట్టాడు. మూడో క్వార్టరు అయిపోయింది. ముందున్నారు. ఆఖరి క్వార్టరు మొదలైంది. ఇప్పుడు పడుకుంటారు చూడు అనుకుంది. పడుకోలేదు. ఇంకో గోలు కొట్టారు. కుక్కర్ కూతేస్తే ఉలిక్కిపడి కట్టేసింది.

ఇక ఆగలేకపోయింది. హాల్లోకి పరిగెత్తినట్టు వచ్చి టీవీ మార్చేసింది.

"ఏవండీ, చూడండి! మనవాళ్ళేనండీ! గెలుస్తున్నారు!"

ఫణి తెర వైపు చూశాడు. అదే నీలం చొక్కా. కానీ ఒక్క మొహమూ తెలిసిందిగా లేదు.

"ఎవరు వీళ్ళు?"

"మన పెలికన్సేనండీ. కొత్త కుర్రాళ్ళు. ఇదిగో ఈ పిల్లాడే మూడు కొట్టాడు. ఇంకొంచెంసేపే, చూడండి నాతో."

"నా ఆట ఏది? ఎవరు తీసేశారు?" ఆయన లేచాడు. "ఆయన తన్నబోతున్నాడు... పద్నాలుగో నంబరు... తీసేశారు..."

"ఒక్క పది నిమిషాలండీ. మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి నా పక్కన కూర్చుని..."

ఆయన టీవీ దగ్గరికెళ్ళి అద్దాన్ని అరచేతుల్తో తడుముతున్నాడు, లోపలెక్కడో దాక్కున్నవాళ్ళని వెతుకుతున్నట్టు. తరవాత చిన్నపిల్లాడిలా ఏడుపు మొదలుపెట్టాడు. సుందరికి తన మీద తనకే అసహ్యం వేసింది. గబగబా పాత ఆట వెతికింది. ఒకటికి రెండుసార్లు తప్పు నొక్కింది. ఆఖరికి దొరికింది. ఆయన్ని పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, కొంగుతో మొహం తుడిచి, మంచినీళ్ళు తాగించి, వీపు నిమురుతూ కూర్చుంది. ఊపిరి నెమ్మదించడానికి చాలాసేపు పట్టింది.

వంటింట్లోకెళ్ళి చూస్తే ఫోన్లో అంతా అయిపోయింది. పెలికన్స్ గెలిచారు. కుర్రాళ్ళు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని గుండ్రంగా నిలబడి ఏదో పాడుతున్నారు. చప్పుడు లేకుండా వాళ్ళ నోళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. మూడు గోల్స్ కొట్టిన పిల్లాడు ఏడుస్తున్నాడు. ఆవిడ గట్టుని పట్టుకుని నిలబడి చూసింది. సంతోషం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. కొబ్బరి చిప్ప కడిగి బోర్లించి, హాల్లోకి వచ్చింది.

ఫణి ఆవిణ్ణి చూసి మర్యాదగా కొంచెం పక్కకి జరిగాడు.

"రండి, కూర్చోండమ్మా. మంచి ఆట. సమయానికొచ్చారు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిణ్ణి 'మీరు' అనడం అదే మొదలు. సుందరి మెల్లిగా సోఫా అంచున కూర్చుంది.

"మీరు చూస్తారా ఈ ఆట?" అన్నాడు.

"చూస్తానండీ. అప్పుడప్పుడూ."

"మా ఆవిడకి ఈ జట్టంటే ప్రాణం. ఇవాళే ఆఫీసుకి రమ్మన్నారు పాపం. గెలిస్తే ఫోన్ చెయ్యమంది." తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చెబుతున్నాడు. నిజమే. ఆ సెమీఫైనల్ రోజు శనివారమైనా ఆవిడ ఆఫీసులోనే ఉంది. ఫణి ఇంట్లో ఒక్కడే చూసి, గెలవగానే ఫోన్లో మాట రాక ఊరికే నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి ఇంకా చెవుల్లో ఉంది.

"ఆవిడెలా ఉంటారు?" అని అడిగింది. ఎందుకడిగిందో ఆవిడకే తెలీదు.

ఫణి ఆలోచించాడు. "ఓడిపోతే నాతో మాట్లాడదు. ఆ రోజు కూరలో ఉప్పుండదు. నేనూ అడగను." నవ్వాడు. "అయినా మళ్ళీ వారం పొద్దున్నే తలస్నానం చేసి కూర్చుంటుంది. అలాంటి మనిషి. రానివ్వండి, మీకు పరిచయం చేస్తాను."

"అలాగేనండీ."

"మీరు ఏడుస్తున్నారేంటమ్మా? ఇంకా అయిపోలేదు. సైరన్ మోగాక కూడా ఆయనకి ఒక తన్నుంది. కంగారుపడకండి."

"కంగారు లేదండీ" అంది సుందరి. "ఇవాళ మనవాళ్ళు గెలిచారు."

"గెలుస్తారు, గెలుస్తారు" అన్నాడు ఆయన ధీమాగా.

సైరన్ మోగింది. బంతి స్తంభాల నడుమ నుంచి దూరింది. ఆయన చప్పట్లు కొట్టాడు. ఆవిడ ఆయన ఫోన్ తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎవరికి చెయ్యాలో, ఎలా చెయ్యాలో గుర్తుకు రాలేదు. కాసేపు అలాగే పట్టుకుని, తరవాత జాగ్రత్తగా దిండు పక్కన పెట్టాడు.

సాయంత్రం లిఖిత ఇంటికొస్తూనే, "గెలిచారటగా! ఫోన్లో చూశాను. నాన్నకి చెప్పావా?" అంది.

"చెప్పానే" అంది సుందరి.

మార్చిలో కొత్త సీజను మొదలయ్యేనాటికి ఫణికి ఏ ఆటా అక్కర్లేకపోయింది. పాత సెమీఫైనల్ పెట్టినా చూపు తెర మీద నిలవడంలేదు. ఎక్కువసేపు బాల్కనీ వైపు తిరిగి కూర్చుని, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ విమానాలు తిరుగుతుంటే వాటి చప్పుడు వింటాడు. సుందరి ఫోన్‌ని వంటింట్లోంచి తీసేసింది. శనివారం ఆయన పక్కనే కూర్చుని, పెద్ద టీవీలో, సౌండు పెట్టుకునే చూస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే పెలికన్స్ చిత్తుగా ఓడారు. ఆవిడ తిట్టాల్సినవన్నీ తిట్టింది. ఆయన ఉలిక్కిపడలేదు, తలా తిప్పలేదు. ఒక చెయ్యి మాత్రం ఆవిడ చేతిలో ఉంచాడు. తను పట్టుకుంది ఎవరి చెయ్యో ఆయనకి తెలుసో తెలియదో ఆవిడ అడగలేదు. కాసేపయ్యాక టీవీ కట్టేసి, ఆయనకి అన్నం కలపడానికి లేచింది.